మైదానం బయటి ఆట

ఫుట్‌బాల్ గురించి మాట్లాడుకునేవాళ్ళు గోల్ ఎవరు కొట్టారు, పెనాల్టీ ఎవరు పాడుచేశారు అనే మాట్లాడుకుంటారు. ఆ జట్టుని పోషించే క్లబ్బు సంసారం ఎలా గడుస్తోందని మాత్రం ఎవరూ అడగరు. పెళ్ళి భోజనానికి వెళ్ళినవాళ్ళు బూరెలు బావున్నాయా, పులిహోర బావుందా అని చూస్తారే గాని, పెళ్ళివారు ఎక్కడ అప్పు తెచ్చారని అడుగుతారా? మర్యాద కాదు గదా! చరిత్రకి ఆ మర్యాద లేదు. అది వంటింట్లోకి దూరి, పోపులడబ్బా మూత తీసి, చిల్లర లెక్కపెట్టుకుని మరీ వస్తుంది. బి.ఏ.లో యుద్ధాల తేదీలు బట్టీ పట్టి పట్టి విసిగిపోయిన నాబోటివాళ్ళకి ఈ పోపులడబ్బా చరిత్ర మీదే మోజు.

ఇంగ్లండులో మాంచెస్టరుకి ఉత్తరంగా పదమూడు కిలోమీటర్ల దూరంలో బరీ అని ఒక ఊరుంది. నూలు మిల్లుల ఊరు. మాంచెస్టరు పేరు మన ఇళ్ళల్లో కొత్తదేం కాదు. మన నేతగాళ్ళ నోట మన్ను కొట్టిన సీమబట్ట ఆ చుట్టుపక్కల మిల్లుల్లోంచే ఓడలెక్కి వచ్చింది. ఆ బరీలో 1885లో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు పుట్టింది. 1903లో ఆ దేశంలోకెల్లా పేరున్న ఎఫ్.ఏ. కప్పు ఫైనల్లో డెర్బీ కౌంటీ జట్టుని 6-0తో చిత్తు చేసింది. ఆ ఫైనల్లో అంత తేడాతో గెలవడం మరో నూటపదహారేళ్ళపాటు ఎవరికీ చేతకాలేదు. చివరికి 2019 మే నెలలో మాంచెస్టర్ సిటీ క్లబ్బు వాట్‌ఫర్డ్ జట్టుని 6-0తో ఓడించి ఆ రికార్డుని అందుకుంది.

ఆ తరవాత మూడు నెలలు దాటాయో లేదో, ఆగస్టు 27న, బరీ క్లబ్బుని లీగులోంచి వెళ్ళగొట్టారు.

సరిగా ఆడక కాదండీ! ఆ ఏడే కింది మెట్టు నుంచి పై మెట్టుకి గెలిచి వచ్చింది. అప్పులు తీర్చగలనని నిరూపించుకోలేకపోయింది, అంతే. రెండు క్లబ్బులూ ఇరుగుపొరుగువి. ఒకే ఆట, ఒకే వాన, ఒకే యాస. ఒకటి మేడెక్కి కూర్చుంటే రెండోది వీధిన పడడానికి కారణం మైదానం లోపల వెతికితే దొరకదు. గోడ బయట వెతకాలి. క్లబ్బు ఖజానా నిండినా, ఎండినా ఆ మంత్రం ఎప్పుడూ బయటివాళ్ళ చేతిలోనే ఉంటూ వచ్చింది.

మొట్టమొదట శనివారం మధ్యాహ్నం సంగతి చెప్పుకోవాలి. 1850లో బ్రిటిష్ పార్లమెంటు ఒక ఫ్యాక్టరీ చట్టం చేసింది. బట్టల మిల్లుల్లో ఆడవాళ్ళచేతా, చిన్న వయసు కుర్రాళ్ళచేతా శనివారం రెండు గంటలు దాటాక పని చేయించరాదని అందులో ఒక నియమం. మిల్లుల్లో ఎక్కువమంది వాళ్ళే. వాళ్ళు వెళ్ళిపోయాక మగవాళ్ళు మాత్రం ఉండి ఏం చేస్తారు? మొత్తం మిల్లే ఆగిపోయేది. అలా ఆడవాళ్ళ పేరు చెప్పి వచ్చిన తీరికని మగవాళ్ళు జేబులో వేసుకుని ఆట చూడ్డానికి పోయారు. ఆడవాళ్ళు ఇంటికెళ్ళి వారం రోజుల మాసినబట్టలు ముందేసుకుని కూర్చున్నారు కాబోలు! రెండింటికి మిల్లు వదులుతారు, మూడింటికి ఆట మొదలవుతుంది. ఇంగ్లండులో శనివారం మూడు గంటల ఆట అనేది అలా స్థిరపడిందే. చట్టం చేసిన పెద్దమనుషులకి ఫుట్‌బాల్ అన్న ఊహే లేదు. కానీ ఆ ఆటకి తొలి పెట్టుబడి పెట్టింది వాళ్ళేనంటే తప్పులేదు.

తీరికుంది, చేతిలో కూలిడబ్బు ఉంది, ఊరూరికీ రైలుంది. ఇక గేటు దగ్గర చిల్లర గలగలలాడడం మొదలైంది. చిల్లర కనబడగానే మంచి ఆటగాళ్ళని డబ్బిచ్చి రప్పించుకోవడమూ మొదలైంది. కొన్నాళ్ళు చాటుగా ఇచ్చారు. అది దాచలేక 1885లో ఫుట్‌బాల్ అసోసియేషన్ సరే, జీతాలివ్వండి అని ఒప్పుకుంది. అక్కడ వచ్చింది చిక్కు. జీతం వారం వారం ఇవ్వాలి, రాబడి మాత్రం వారం వారం రాదు. రావలసిన జట్టు రాకపోతే ఆట లేదు. ఇంకేదో కప్పు పోటీ తగిలిందని అవతలివాళ్ళు మానేస్తే ఆ శనివారం గుండుసున్నా.

ఈ చిక్కు విప్పినాయన విలియం మెక్‌గ్రెగర్ అనే బట్టలకొట్టు యజమాని. స్కాట్లండువాడు, బర్మింగ్‌హాంలో వ్యాపారం, ఆస్టన్ విల్లా క్లబ్బులో పెద్దతలకాయ. ఖాతాదారు విలువ కొట్టు నడిపేవాడికే కదా తెలిసేది! ఎవరితో ఎవరు ఎప్పుడు ఆడాలో ఏడాదికి ముందే రాసి పెట్టుకుందాం, రాసుకున్నాక మాట తప్పవద్దు అని 1888లో ఆయన కొన్ని క్లబ్బులకి ఉత్తరాలు రాశాడు. అదే ఫుట్‌బాల్ లీగు. పన్నెండు క్లబ్బులతో మొదలైంది. అందులో ఆరు లాంకషైరు మిల్లుల ప్రాంతానివే. పాలు వాడుకగా పోయించుకున్నట్టు, ఇంటికి ఫలానా ఆట ఫలానా రోజున వస్తుందని జనానికి తెలిసిపోయింది. లీగు అంటే మనకి పోటీ గుర్తొస్తుంది. పుట్టింది మాత్రం రాబడికి భరోసా కోసం.

1890లో టిక్కెట్టు ఆరు పెన్నీలకి తగ్గకూడదని లీగు నియమం పెట్టింది. అదీ మగవాళ్ళకి. మొదట్లో చాలా చోట్ల ఆడవాళ్ళకి టిక్కెట్టే లేదు. వాళ్ళొస్తే గలాటా తగ్గుతుందని క్లబ్బులవాళ్ళ ఆలోచన. 1885లో ప్రెస్టన్ పట్టణంలో ఒక ఆటకి రెండు వేలమంది ఆడవాళ్ళు వచ్చారట! అంతమంది వస్తారని ఎవరనుకున్నారు? ఆ శతాబ్దం ముగిసేలోగా ఉచితాలన్నీ ఎత్తేశారు. ఆడదాని సరదాకి ఖరీదు కట్టడానికి ఎవరికైనా ఎంతసేపు పడుతుంది లెండి.

అయితే ఇది అచ్చమైన వ్యాపారమూ కాదు. క్లబ్బులు కంపెనీలుగా రిజిస్టరయ్యాయి గాని, వాటాదారులకి నూటికి అయిదుకి మించి లాభం పంచకూడదనీ, డైరెక్టర్లు జీతం పుచ్చుకోకూడదనీ అసోసియేషన్ నియమం పెట్టింది. ఆటగాడి జీతానికీ 1901లో హద్దు గీశారు, వారానికి నాలుగు పౌండ్లని. ఇంటి క్లబ్బుకి వచ్చిన గేటు డబ్బులో కొంత వాటా వచ్చిన అతిథి జట్టుకి ఇచ్చే పద్ధతి కూడా తరవాత వచ్చింది. ఉమ్మడి కుటుంబం అనుకోండి. పెద్ద కొడుకు సంపాదన ఎక్కువే, కానీ అన్నం అందరికీ ఒకే గిన్నెలోంచి. ఈ పద్ధతిలో న్యాయమంతా ఉందని అనను. ఆటగాళ్ళకి జరిగింది అన్యాయమే. కానీ బరీలాంటి చిన్న ఊరి జట్టు రెండుసార్లు, 1900లోనూ 1903లోనూ, దేశం మొత్తం మీద కప్పు గెలవగలిగిందంటే ఆ గిన్నె పుణ్యం కొంత లేకపోలేదు.

ఇంతలో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. మగవాళ్ళు యుద్ధానికి పోయారు, ఆడవాళ్ళు మందుగుండు ఫ్యాక్టరీలకి పోయారు. ప్రెస్టన్‌లోని డిక్ కెర్ ఫ్యాక్టరీ అమ్మాయిలు డిన్నరు విరామంలో బంతి తన్నడం నేర్చుకుని జట్టు కట్టారు. 1920 డిసెంబరులో, క్రిస్మస్ మర్నాడు, లివర్‌పూల్లోని గుడిసన్ పార్కులో వాళ్ళ ఆట చూడ్డానికి 53,000 మంది వచ్చారు. చోటు చాలక వెనక్కి పోయినవాళ్ళు వేలు. వచ్చిన 3,000 పౌండ్ల పైచిలుకూ ధర్మకార్యాలకిచ్చారు. ఏడాది తిరక్కుండా, 1921 డిసెంబరు 5న, ఈ ఆట ఆడవాళ్ళకి తగదని తేల్చి, తన సభ్యక్లబ్బుల మైదానాల్లో వాళ్ళని ఆడనివ్వరాదని అసోసియేషన్ నిషేధించింది. వసూలైన సొమ్ములో లెక్కలు సరిగా లేవని ఒక సణుగుడు కూడా దానికి తగిలించారు. వేలమంది డబ్బిచ్చి చూస్తామంటూ నిలబడ్డ ఆటని ఒక్క కాగితంతో పార్కుల్లోకీ, పొలాల్లోకీ తరిమేశారు. ఆ కాగితం చిరిగేసరికి 1971 వచ్చింది. 2022లో వెంబ్లీలో యూరోపు మహిళల ఫైనల్‌కి వచ్చినవాళ్ళు 87,192 మంది. అంటే జనానికి ఇష్టం లేక కాదన్నమాట! యాభై ఏళ్ళ రాబడి ఆవిరైపోవడానికి ఆటలో లోపమేమీ అక్కర్లేదు. ఒక కమిటీ ఉంటే చాలు.

మగవాళ్ళ క్లబ్బులకి స్వర్ణయుగం రెండో ప్రపంచయుద్ధం అయిన వెంటనే వచ్చింది. 1948-49 సీజన్లో లీగు ఆటలు చూసినవాళ్ళు మొత్తం 4 కోట్ల 12 లక్షలు. పేరుకి గెలిచారే గాని, కొందామంటే సరుకు లేదు, తిందామంటే రేషను. మరి డబ్బు ఎక్కడ ఖర్చు పెడతారు? ఆటకెళ్ళారు. ఆ తరవాత సరుకులొచ్చాయి, కార్లొచ్చాయి, ఇంట్లో టెలివిజన్ వచ్చింది. 1985-86 నాటికి ఆ నాలుగుకోట్ల పైచిలుకు జనం 1 కోటి 65 లక్షలకి దిగిపోయారు.

లాంకషైరుకి ఇంకో దెబ్బ కూడా తగిలింది. మిల్లులే మూతపడ్డాయి. ఒకప్పుడు లోకానికంతటికీ బట్ట కట్టబెట్టిన బ్రిటను 1958లో తను అమ్మేదానికంటే ఎక్కువ నూలుబట్ట బయటినుంచి కొనుక్కుంది. ఆ వచ్చిన బట్టలో మన దేశపు మిల్లులదీ ఉంది. ఓడలు బళ్ళవుతాయంటారు చూశారూ! మరుసటి ఏడు ప్రభుత్వమే పాత మగ్గాలు తుక్కు చేసేవాళ్ళకి పరిహారమిస్తానని చట్టం తెచ్చింది. మిల్లు మూతపడ్డ ఊళ్ళో శనివారం గేటు దగ్గర చిల్లర ఎక్కణ్ణించి వస్తుంది? ఆ ప్రాంతపు అక్రింగ్టన్ స్టాన్లీ క్లబ్బు 1962లో అప్పులు భరించలేక సీజను మధ్యలోనే లీగు నుంచి తప్పుకుంది.

టెలివిజన్ ప్రమాదాన్ని ముందుగా పసిగట్టినాయన బర్న్‌లీ క్లబ్బు ఛైర్మను బాబ్ లార్డ్. ఆయన మాంసం వ్యాపారి. మళ్ళీ కొట్టువాడే! ఇంట్లో ఊరికే చూపిస్తే గేటుకి ఎవడొస్తాడని ఆయన వాదన. 1964లో బి.బి.సి. వాళ్ళు ఆటల ముఖ్యఘట్టాలు చూపించడం మొదలెడితే, కొన్నేళ్ళపాటు తన మైదానంలోకి ఆ కెమెరాలని అడుగుపెట్టనివ్వలేదు. శనివారం మధ్యాహ్నం ఆటలు బ్రిటను టెలివిజన్లో ప్రత్యక్షంగా చూపకూడదన్న నియమం ఆయన పట్టుదలవల్ల వచ్చిందే. చిన్న క్లబ్బుల గేటుకి గొళ్ళెంలా అది ఇప్పటికీ ఉంది.

ఉమ్మడి కుటుంబం మాత్రం విడిపోవడం మొదలైంది. జిమ్మీ హిల్ నాయకత్వంలో ఆటగాళ్ళు సమ్మె చేస్తామని బెదిరిస్తే, 1961లో జీతాల హద్దు ఎత్తేశారు. అప్పటికది వారానికి 20 పౌండ్లు. చూస్తూ చూస్తూ ఫుల్హాం క్లబ్బు జానీ హేన్స్‌కి 100 పౌండ్లు ఇచ్చింది. న్యాయమే. కానీ ఎక్కువ ఇవ్వగలిగినవాళ్ళ దగ్గరికే మంచి ఆటగాళ్ళు చేరడమూ అప్పుడే మొదలైంది. 1983లో గేటు డబ్బులో అతిథి జట్టు వాటా ఆగిపోయింది. ఎవరి ఇంటి వసూలు వాళ్ళదే. అదే ఏడు టాటెన్‌హాం క్లబ్బు పైన ఒక పెద్ద కంపెనీ పెట్టి, దాని వాటాలు షేర్ మార్కెట్‌లో అమ్మింది. లాభానికి వేసిన పాత కట్టు అలా తెగింది.

ఇక చెప్పక తప్పని సంగతొకటుంది. ఇన్ని లెక్కల్లోనూ జనం కూర్చునే చోటు, నిలబడే చోటు బాగుచేయాలన్న ఖర్చు మాత్రం అట్టడుగున ఉండేది. 1985 మే నెలలో బ్రాడ్‌ఫర్డ్‌లో పాత చెక్క స్టాండు తగలబడి 56 మంది పోయారు. అదే నెలలో బ్రసెల్స్‌లో లివర్‌పూల్ ఆడిన ఫైనల్లో గొడవ జరిగి, గోడ కూలి 39 మంది పోయారు. ఆ పైన ఇంగ్లీషు క్లబ్బులని యూరోపు పోటీల నుంచి వెలివేశారు. ఆ రాబడీ పోయింది. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరోలో ఇనప కంచెల వెనక నలిగి చనిపోయినవాళ్ళు, గాయాలతో ఏళ్ళ తరవాత కన్నుమూసినవాళ్ళతో కలిపి, 97 మంది. వాళ్ళంతా టిక్కెట్టు కొనుక్కుని ఆట చూడవచ్చినవాళ్ళు. క్లబ్బు ఏం చేసినా జనం వస్తూనే ఉంటారన్న ధీమాకి అంత ఖరీదు పడింది.

జడ్జి టేలర్ 1990లో నివేదిక ఇస్తూ, పెద్ద స్టేడియాల్లో అందరికీ కుర్చీలు వేయాలన్నాడు. ఫుట్‌బాల్ జూదం మీద పన్ను కొంత తగ్గించి, ఆ డబ్బు స్టేడియాల బాగుకి మళ్ళించింది ప్రభుత్వం. కుర్చీలొచ్చాయి, వాటితో టిక్కెట్టు ధరా లేచింది. 1992లో పెద్ద క్లబ్బులు విడిపోయి ప్రీమియర్ లీగు పెట్టుకున్నాయి. అంతకు ముందు ఐ.టి.వి. నాలుగేళ్ళకి 4 కోట్ల 40 లక్షల పౌండ్లు ఇచ్చేది. కొత్త లీగుకి స్కై టెలివిజన్‌తో కుదిరిన అయిదేళ్ళ ఒప్పందం 30 కోట్ల 40 లక్షలని ప్రకటించారు. ఇంటి కప్పు మీద డిష్షు పెట్టించుకోవాలంటే జనానికి ఒక ఆశ చూపించాలి. ఆ ఆశ ఫుట్‌బాల్ అయింది. పాత లీగులో అందరికీ వడ్డించే గిన్నె ఇప్పుడు పైపంక్తి దగ్గరే ఆగిపోయింది.

కింది పంక్తివాళ్ళకి మిగిలిన ఆధారం, కుర్రాళ్ళని తయారుచేసి పెద్ద క్లబ్బులకి అమ్ముకోవడం. 1995 డిసెంబరులో యూరోపు న్యాయస్థానం బోస్మన్ అనే బెల్జియం ఆటగాడి కేసులో తీర్పు చెప్పింది. ఒప్పందం గడువు తీరిన ఆటగాడు యూరోపులో మరో దేశపు క్లబ్బుకి పోతే పాత క్లబ్బుకి పైసా ఇవ్వక్కర్లేదని. మనిషిని సరుకులా కట్టేయకూడదన్నది మంచి తీర్పే, ఎవరు కాదంటారు? కానీ చిన్న క్లబ్బు పెరట్లో కాసే ఒక్క చెట్టుకీ కంచె తీసినట్టయింది.

ఇంత జరిగినా, 1998 ఫిబ్రవరిలో బరీ జట్టు మాంచెస్టర్ సిటీని వాళ్ళ సొంత మైదానంలోనే 1-0తో ఓడించింది సుమండీ! ఆ ఏడు సిటీ మూడో మెట్టుకి జారింది, బరీ రెండో మెట్టు మీదే నిలబడింది. ఒక్క సీజనుపాటు బరీ పైనా, సిటీ కిందా. ఆ రోజున ఎవరైనా జాతకం చెప్పించుకుంటే ఏం చెప్పేవాడో!

2001 నుంచి మూడేళ్ళపాటు కింది క్లబ్బుల ఆటలకి ఐ.టి.వి. డిజిటల్ అనే కంపెనీ 31 కోట్ల 50 లక్షల పౌండ్లు ఇస్తానంది. ఆ మాట నమ్మి క్లబ్బులు జీతాలు పెంచేశాయి. 2002లో కంపెనీ దివాలా తీసింది. ఎగ్గొట్టిన బాకీ దాదాపు 18 కోట్లు. ఆ దెబ్బకి బరీ కోర్టు పాలైంది, అభిమానులు జోలె పట్టి నిలబెట్టారు. 2008లో అబూధాబి రాజకుటుంబానికి చెందిన షేక్ మన్సూర్ కంపెనీ మాంచెస్టర్ సిటీని కొంది. నూలు డబ్బుతో మొదలైన కథలోకి నూనె డబ్బు వచ్చింది. ఆ నూనె పదమూడు కిలోమీటర్లు ప్రవహించలేదు.

బరీలో రాబడికి మించి జీతాలిచ్చారు, మైదానం తాకట్టు పెట్టారు. 2018 డిసెంబరులో క్లబ్బు ఒక్క పౌండుకి చేతులు మారింది. 2019 ఆగస్టులో ఎవరో కొంటారన్న ఆశ కలిగి, గడువు చివరి రోజున వందలమంది ఊరివాళ్ళు చీపుళ్ళు, బకెట్లు పట్టుకుని గిగ్ లేన్ మైదానానికి వచ్చారు. కుర్చీలు తుడిచారు, మెట్లు కడిగారు. పెళ్ళివారు వస్తున్నారని ఇల్లు అలికినట్టు. ఆ సాయంత్రానికి కొంటామన్నవాళ్ళు వెనక్కి తగ్గారు. ఆ రాత్రే బహిష్కారం కబురొచ్చింది.

ఈ చీపుళ్ళ సంగతి దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఒక కొట్టు దివాలా తీస్తే మనం పక్క కొట్టుకి పోతాం. కొట్టు ముందు ఊడ్చి కన్నీళ్ళు పెట్టుకోం. బరీ మనిషి పదమూడు కిలోమీటర్లు వెళ్ళి సిటీకి చప్పట్లు కొట్టలేడు. తాత చూసిన జట్టు, తండ్రి భుజాల మీద కూర్చుని చూసిన జట్టు అది. లాభమొచ్చినప్పుడు వాటా అడగని ఆ మనిషే నష్టమొచ్చినప్పుడు జోలె పట్టాడు.

హైదరాబాదుకి కూడా ఈ కథ పరాయిది కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆటగాడికి అన్నం పెట్టింది గేటు డబ్బు కాదు, పోలీసు ఉద్యోగం. 2019లో, బరీ వీధిన పడ్డ ఆ ఆగస్టులోనే, హైదరాబాద్ ఎఫ్.సి. పేరుతో కంపెనీ క్లబ్బు పుట్టింది. 2022 మార్చిలో దేశంలో విజేత కూడా అయింది. ఆ తరవాత జీతాల బకాయిలు, ఆటగాళ్ళ వలస. 2025లో కొత్త యజమానులు క్లబ్బుని ఢిల్లీకి తరలించి పేరు మార్చారు. కప్పు గెలిచి మూడేళ్ళు దాటాయంతే. గెలుపు ఒక్కటే కడుపు నింపదని మనకీ తెలిసింది.

ఇంగ్లండులో 2025 జూలైలో ఒక చట్టం వచ్చింది. క్లబ్బుని కొనేవాడెవడు, డబ్బెక్కడిది, మైదానం అమ్ముతాడా అని అడిగే అధికారం ఒక స్వతంత్ర సంస్థకి ఇచ్చారు. పిల్లనిచ్చేముందు అడిగే ప్రశ్నలే. నూటముప్పైయేడేళ్ళ లీగు చరిత్రలో ఇప్పటికి అడిగారు. బరీవాళ్ళు అంతదాకా ఆగలేదు. 2022లో ప్రభుత్వ సాయం, దాతల సాయం కలిపి మైదానాన్ని విడిపించుకున్నారు. 2023లో రెండుగా చీలిన అభిమానుల సంఘాలు ఓట్లు వేసుకుని ఒకటయ్యాయి. పెద్ద లీగుకి ఎన్నో మెట్లు కింద, మళ్ళీ అదే పేరుతో, అదే గిగ్ లేన్‌లో ఆట మొదలుపెట్టారు. మిల్లులు లేవు, మిల్లు గంటా లేదు. శనివారం మూడింటికి మాత్రం గేటు తీస్తారు. ఈసారి తాళంచెవి ఊరివాళ్ళ దగ్గరే ఉంది.